రెండుసార్లు కనిపించిన ఫలితం

ప్రశ్న: నేను ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ను. వార్డులో డాక్టరుగారు కంప్యూటర్‌లో రాసే పరీక్షలు మా ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లోకి వస్తాయి, ఫలితాలు తిరిగి అక్కడికి వెళతాయి. ఈమధ్య ఒక రోగి హిమోగ్లోబిన్ ఫలితాన్ని మేము ఒక్కసారే పంపినా, వార్డు తెరపై రెండుసార్లు కనిపించింది. ఎందుకిలా జరిగింది? అసలు ఏ ఫలితం ఏ ఆర్డరుదో యంత్రానికి ఎలా తెలుస్తుంది?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ రెండు ప్రశ్నలకూ సమాధానం నంబర్లలోనే ఉంది, అయితే అవి వేర్వేరు నంబర్లు. ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ల మధ్య సందేశాలకు విస్తృతంగా వాడే ప్రమాణం హెచ్‌ఎల్7 రెండవ వెర్షన్. దాన్ని రూపొందించిన సంస్థ 1987లో ఏర్పడింది. మీ దగ్గరా అదే ఉందనుకుని చెబుతున్నాను.

ఆర్డరు రాసినప్పుడు వార్డు వ్యవస్థ దానికొక నంబరు ఇస్తుంది, ల్యాబ్ తన సొంత నంబరును జోడిస్తుంది. ఫలితపు సందేశంలో ఈ రెండూ తిరిగి వెళ్ళడం వల్లనే అది సరైన ఆర్డరు కిందకు చేరుతుంది. రోగి పేరు, చివరికి ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య గుర్తింపు అయిన 14 అంకెల ఆభా సంఖ్య కూడా మనిషిని గుర్తిస్తాయే గాని, ఒకే మనిషికి ఉదయం, సాయంత్రం చేసిన రెండు పరీక్షలను వేరు చేయలేవు.

రెండవ రకం నంబరు సందేశానిది. ప్రతి సందేశం ఎంఎస్‌హెచ్ అనే మొదటి పంక్తిలో, పదవ గడిలో దాన్ని మోసుకెళుతుంది. అందుకున్న వ్యవస్థ అదే నంబరును ఎంఎస్‌ఏ పంక్తిలో తిప్పి పంపుతూ, స్వీకరించానంటే 'ఏఏ' అని, పొరపాటు ఉందంటే 'ఏఈ' అని, తిరస్కరిస్తే 'ఏఆర్' అని తెలుపుతుంది.

ఫలితం వార్డుకు చేరి, ఈ రసీదు మాత్రం దారిలో పోయిందనుకోండి. ల్యాబ్ వ్యవస్థకు తన సందేశం పోయిందో, రసీదు పోయిందో తెలిసే మార్గం లేదు. కనుక అదే సందేశాన్ని మళ్ళీ పంపుతుంది, అది తప్పు కాదు. అప్పటికే వచ్చిన నంబరని గుర్తించి, రసీదు మాత్రం మళ్ళీ ఇచ్చి, ఫలితాన్ని రెండోసారి నమోదు చేయకుండా ఉండాల్సింది వార్డు వ్యవస్థే. చాలా సాఫ్ట్‌వేర్లు ఇక్కడే అశ్రద్ధ చేస్తాయి.

మీ ఐటీ విభాగాన్ని ఆ రోజు సందేశాల లాగ్ చూపమని అడగండి. రెండింటికీ సందేశ నంబరు ఒకటే అయితే పైన చెప్పిందే జరిగి ఉంటుంది. వేర్వేరైతే, ఫలితపు స్థితి గడిలో 'సీ' అక్షరం ఉందేమో చూడండి: అది సవరించిన ఫలితమని అర్థం, అప్పుడు పాతదాని స్థానంలో కొత్తది చూపాలి. అదీ లేకపోతే, ల్యాబ్ సాఫ్ట్‌వేరే రెండుసార్లు తయారుచేసి పంపి ఉండవచ్చు. అప్పుడు వెతకవలసింది మీ వైపే.