షుగర్ ఉన్నవాళ్లకు మొద్దుబారడం పాదాల్లోనే ఎందుకు మొదలవుతుంది?

మీ అమ్మగారి చేతులు బాగానే ఉన్నాయి, పాదాలే ఎందుకు మొద్దుబారాయని అడిగారు. ముఖ్య కారణం నరం పొడవు.

పాదం స్పర్శను తెలిపే నాడీకణాలు నడుము దగ్గర, వెన్నెముక పక్కనే ఉంటాయి. ఒక్కో కణం నుంచి బయల్దేరిన సన్నటి పోగు మధ్యలో అతుకు లేకుండా కాలివేళ్ల దాకా వెళ్తుంది. పెద్దవాళ్లలో అది సుమారు మీటరు. ఆ కొసకు కావాల్సిన ప్రొటీన్లు చాలావరకు పైన కణంలోనే తయారై అంత దూరం రావాలి. వేగంగా కదిలేవి కూడా రోజుకు 200 నుంచి 400 మిల్లీమీటర్లే వస్తాయి. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువుంటే ఈ రవాణా దెబ్బతింటుంది, నరానికి రక్తం ఇచ్చే సన్న నాళాలూ పాడవుతాయి. కాకతీయ కాలువలో నీళ్లు తగ్గితే ముందు చివరి ఆయకట్టే ఎండుతుంది కదా, ఇదీ అంతే. మొద్దు మోకాళ్ల దాకా పాకే సరికి చేతివేళ్లకూ మొదలవుతుంది.

మా అమ్మది పరకాల దగ్గర పల్లె. మొదట్లో రాత్రిళ్లు అరికాళ్లు భగభగ మండేవి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేది. తర్వాత మంట తగ్గింది. నయమైందనుకుని సంబరపడింది. నిజానికి నొప్పిని మోసే సన్న పోగులు చచ్చిపోయాయి. పత్తి చేనులో కట్టె గుచ్చుకుంటే, చీము పట్టిన వాసన వచ్చేదాకా ఆమెకు తెలియలేదు. హన్మకొండలో డాక్టర్ ట్యూనింగ్ ఫోర్క్ (కొడితే అదిరే లోహపు కడ్డీ) మోగించి బొటనవేలి మీద పెడితే అదురు ఏమీ తెలియడం లేదంది, చీలమండ దగ్గర కొద్దిగా తెలిసింది, మణికట్టు దగ్గర బాగా తెలిసింది. పైన చెప్పిన పొడవు లెక్క నాకు అక్కడే కళ్లకు కట్టింది.

అందుకే మంట కంటే మొద్దుకే ఎక్కువ భయపడండి. రోజూ రాత్రి మీరే ఆమె అరికాళ్లు, వేళ్ల సందులు చూడండి. ఇంట్లోనూ చెప్పులు వేయించండి. కాళ్లు లాగుతున్నాయని వేడినీళ్లలో ఉప్పేసి పెట్టించకండి, కాలినా ఆమెకు తెలియదు.

మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర చాలా ఏళ్లుగా వాడుతుంటే విటమిన్ బి12 పరీక్ష అడగండి. ఆ మందుతో బి12 తగ్గొచ్చు, అది తగ్గినా నరాలు ఇలాగే దెబ్బతింటాయి. తక్కువుంటే ఇంజక్షన్లు పనికొస్తాయి. అది చూడకుండా ఊళ్లో 'నరాల బలం' అని పొడిచే సూదుల మీద డబ్బు పోయకండి.

ఇంకో మాట. షుగర్ వల్ల వచ్చేది మామూలుగా రెండు పాదాలకూ ఒకేలా, మెల్లగా వస్తుంది. ఒక్క కాలే మొద్దుబారి నడుంనొప్పి కూడా ఉంటే వెన్నులో నరం నొక్కుకుందేమో చూపించాలి. ఒక పక్క కాలూ చెయ్యీ ఉన్నట్టుండి పడిపోతే అది మెదడుకు సంబంధించినది కావచ్చు, తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.