షార్న్‌హార్స్ట్ హల్‌పై నాలుగు 38 సెం.మీ. టరెట్లు: లెక్క ఎందుకు కుదరట్లేదు

మీ ఊహా డిజైన్‌లో షార్న్‌హార్స్ట్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ యుద్ధనౌక) హల్ (ఓడ ఒడలు) మార్చకుండా మూడు 28 సెం.మీ. టరెట్ల (ఫిరంగులుండే, తిరిగే కవచ గదుల) బదులు నాలుగు 38 సెం.మీ. జంట టరెట్లు (ఒక్కోదానిలో రెండు ఫిరంగులు) పెట్టారు కదా, ఇబ్బందంతా ఆ నాలుగో దానితోనే.

1. మూడు గొట్టాల పాత టరెట్ సుమారు 750 టన్నులు, 38 సెం.మీ. జంట టరెట్ సుమారు 1,050. 2,250 పోయి 4,200 వచ్చాయి. అదనం 1,950 టన్నులు.

2. నాలుగో టరెట్‌కి మందుగుండు గదులూ కావాలి. కవచం కప్పే భాగం 15 మీటర్లు సాగిందనుకోండి: 350 మి.మీ. మందం, 5 మీ. ఎత్తు బెల్టుకు (ఓడ పక్కల ఉండే కవచపు పట్టీ) రెండు వైపులా కలిపి మీటరుకు 27 టన్నులు. ఇంకో 400.

3. చాలామంది వదిలేసేది ఇదే: ఓడ ఎంత దిగుతుందో చూడరు. నీటిమట్టం దగ్గర పొడవు 226 మీ., వెడల్పు 30 మీ., ఆకార గుణకం (పొడవు × వెడల్పు దీర్ఘచతురస్రంలో ఓడ నింపే వంతు) 0.69, సముద్రపు నీటి సాంద్రత 1.025 అనుకుంటే:
226 × 30 × 0.69 × 1.025 ÷ 100 = సెంటీమీటరుకు 48 టన్నులు.
2,350 టన్నులకు దాదాపు అర మీటరు. బెల్టు పై అంచు కూడా నీటి వైపు అంతే దిగుతుంది. మందం ఎంతున్నా, నీటిపైన మిగిలే ఎత్తు తగ్గితే రక్షణ తగ్గినట్టే. పైగా బరువు ఎత్తులో చేరింది, స్థిరత్వమూ పడిపోతుంది.

4. మూడు జంట టరెట్లకు తగ్గి, ముక్కు పొడిగించండి. 1942లో దీని జోడు ఓడ గ్నైసెనావ్‌కి వేసిన ప్లాన్ ఇదే, నా ఓటు దీనికే. ఎనిమిది ఫిరంగులు తప్పవంటే మరో జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్‌లా వెడల్పు 36 మీటర్లకు పెంచాలి. అప్పుడు ఆనాటి నౌకా ఒప్పందాల 35,000 టన్నుల పరిమితి వదులుకోవాలి.