కర్నూలు ఎండల్లో ఆగస్టు మారథాన్‌కి ప్రాక్టీస్: ఆపొద్దు, కానీ వాచీ చూడొద్దు

మీరు అడిగింది ఇది: కర్నూల్లో ఉంటారు, 21 కిలోమీటర్లు రెండుసార్లు పరిగెత్తారు, ఆగస్టు చివర్లో హైదరాబాద్ ఫుల్ మారథాన్‌కి డబ్బులు కట్టేశారు. ఏప్రిల్, మే వదిలేసి జూన్‌లో మొదలుపెడితే చాలా, లేక జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద కానిచ్చేయాలా అని.

జూన్ దాకా ఆగకండి. 42 కిలోమీటర్లకి 16 నుంచి 18 వారాలు పడుతుంది, ఆగస్టు చివర నుంచి వెనక్కి లెక్కేస్తే ఏప్రిల్ ఆఖరో మే మొదటి వారమో తేలుతుంది. అంటే మన ఊరు పెనంలా కాలే రోజుల్లోనే మొదలుపెట్టాలి, తప్పదు. నేనూ అలాగే చేశా, ఒకసారి దెబ్బ కూడా తిన్నా, అది ముందు చెప్తా.

ఆ ఏడాది మే రెండో ఆదివారం 24 కిలోమీటర్లు అనుకున్నా. ముందురోజు పెళ్ళికెళ్ళి ఆలస్యంగా పడుకుని ఆరింటికి లేచి, పోనీలే అని బయల్దేరా. మేలో ఆరు కాకముందే సూర్యుడొచ్చేస్తాడు, అది తెలిసి కూడా. 17వ కిలోమీటరు దగ్గర తమాషా ఏంటంటే, ఎండలో నాకు చలి పుట్టింది. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. భలే, అలవాటు పడిపోయా అనుకుని ఇంకో కిలోమీటరు లాగించా! కళ్ళు తిరిగి రోడ్డు పక్కన టీ బంకు దగ్గర కూలబడ్డా. బంకాయన "ఏం సామీ, కుక్కలు తరిమినాయా?" అంటూనే చెంబుతో నెత్తిన నీళ్ళు పోశాడు, ఉప్పేసిన మజ్జిగ ఇచ్చాడు. గంట సేపు చింతచెట్టు కింద పడుకుని ఆటోలో ఇంటికొచ్చా. ఎండలో చలి, గగుర్పాటు, వాంతి వచ్చినట్టుండటం, ఇవి ఒళ్ళు చేతులెత్తేస్తోందని చెప్పే గుర్తులు. అక్కడే ఆగిపోవాలి. మనిషి తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడుతున్నాడంటే అది వడదెబ్బ, 108కి ఫోన్ చేసి, వాళ్ళొచ్చేలోపు నీళ్ళు గుమ్మరిస్తూ విసురుతూ ఉండాలి.

ఆ రోజు నుంచి మేలో వాచీ చూడటం మానేశా. జనవరిలో కిలోమీటరు ఆరుంపావు నిమిషాల్లో పోయేవాణ్ణి, మేలో అదే ఆయాసానికి ఏడున్నర పడుతుంది. ఇది మీ ఫిట్‌నెస్ పోయినట్టు కాదు, రక్తంలో కొంత భాగం కాళ్ళకి కాకుండా ఒంటిని చల్లబరచడానికి చర్మం వైపు పోతుంది, గుండె అదనంగా కొట్టుకుంటుంది, అంతే. కాబట్టి కిలోమీటర్లు కాకుండా నిమిషాలు లెక్కపెట్టుకోండి, పక్కన మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగం దాటొద్దు. మొదటి 10 నుంచి 14 రోజులు నరకం. రోజూ 30, 40 నిమిషాలు చాలు. ఆ తర్వాత ఒళ్ళే నేర్చుకుంటుంది: చెమట త్వరగా మొదలవుతుంది, దాంట్లో ఉప్పు తగ్గుతుంది, రక్తంలో నీటి భాగం పెరుగుతుంది. జూన్ దాకా ఏసీ జిమ్‌లో ఉంటే ఈ అలవాటు రాదు. ట్రెడ్‌మిల్‌ని వారానికి ఒక రోజుకి పెట్టుకోండి, తప్పేం లేదు.

సాయంత్రం పరుగు వద్దు. ఎండ లేదు కదా అని ఏడింటికి బయల్దేరతాం, కానీ పగలంతా కాగిన తారు, సిమెంటు, బేతంచెర్ల నాపరాళ్ళు పరిచిన మిద్దెలు అప్పుడే వేడి కక్కుతుంటాయి. నాలుగింటికి లేచి నాలుగున్నరకి రోడ్డు మీదుండాలి, ఆరుంపావుకల్లా ఇంట్లో ఉండాలి. దీంట్లో అసలు కష్టం లేవడం కాదు, ఉక్కపోతలో తొమ్మిదింటికి పడుకోవడం. దానికి నా దగ్గర మందు లేదు, మధ్యాహ్నం ఓ అరగంట కునుకు తీసేవాణ్ణి.

నీళ్ళ విషయంలో మన పొడి గాలి మోసం చేస్తుంది. చెమట పట్టినట్టే ఉండదు, చొక్కా ఆరిపోతుంది, తెల్లటి ఉప్పు చారలు మాత్రం మిగులుతాయి. ఓసారి పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి, కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. నేను గంటన్నరలో కిలోన్నర తగ్గా, నమ్మలేకపోయా. అలాగని ఉత్త నీళ్ళు లీటర్లకొద్దీ తాగేయకండి, రక్తంలో సోడియం పడిపోతే అదీ ప్రాణం మీదికొస్తుంది. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసున్న ఓఆర్ఎస్ పొడి, ప్యాకెట్ మీద చెప్పినన్ని నీళ్ళలోనే కలుపుకోండి. తియ్యటి డబ్బా డ్రింకులు వేరు. ఇంటికొచ్చాక ఉప్పేసిన రాగి అంబలి, మజ్జిగ. నన్నారి షర్బత్ రుచికోసం తాగండి, దాన్నే ఓఆర్ఎస్ అనుకోవద్దు. పరుగుకి ముందు నొప్పి మాత్రలు వేసుకోవద్దు, ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీల మీద పడతాయి. బీపీకో షుగర్‌కో మాత్రలు వాడుతుంటే డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి.

జూన్ నుంచి మబ్బులు, గాలి. వాన అంతంతమాత్రమే, మనకి తెలిసిందే కదా! లాంగ్ రన్‌లు, అంటే దూరపు పరుగులు, అప్పుడు పెంచండి, 30 కిలోమీటర్ల రోజు జూలై చివర్లో రావాలి. కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) గట్టు మీద మట్టి దారి దొరికినంత మేర మోకాళ్ళకి హాయి. గాలికి ఎదురుగా పోయేటప్పుడు కాళ్ళు లాగుతాయి, తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి మనతోపాటే వస్తుంటే అసలు గాలే తగలదు, ఉడికిపోతాం. నీళ్ళు ఆ తిరుగు దారికి మిగుల్చుకోండి.

హైదరాబాద్ రూట్ చదునుగా ఉండదు, ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు చాలా ఉన్నాయి. వారానికోసారి మన ఊరి పక్కనున్న జగన్నాథ గట్టు కొండ ఎక్కి దిగండి. దిగడం కూడా ప్రాక్టీసే, తొడలు పట్టేసేది అక్కడే. హైదరాబాద్‌లో ఆగస్టు గాల్లో తేమ ఎక్కువ, చెమట కారుతుంది కానీ ఆరదు, అందుకని మొదటి 10 కిలోమీటర్లు మరీ నెమ్మదిగా ఉందే అనిపించేలా పోండి. నాకు 4 గంటల 52 నిమిషాలు పట్టింది, ఎక్కడా కూలబడలేదు.

నాలుగింటికి కుక్కలు ఉంటాయి, నిజమే. పరిగెత్తడం ఆపి నడవండి, వెనక్కి తిరిగి గట్టిగా అదిలిస్తే ఎక్కువ శాతం ఆగిపోతాయి. రోజూ ఒకే దారిన పోతే పది రోజుల్లో పట్టించుకోవడం మానేస్తాయి, మా వీధి చివర నల్లది తప్ప.