పెరటి తోట – మీ ప్రశ్నలు: టీ కోసం పుదీనా

ప్రశ్న: విజయవాడ పటమటలో మూడవ అంతస్తులో ఉంటున్నాము. బాల్కనీ పడమర వైపు ఉంది. టీ కోసమని రైతు బజారులో కొన్న పుదీనా కట్టలోని కాడలను కుండీలో నాటితే, చలికాలమంతా బాగా పెరిగి ఏప్రిల్ వచ్చేసరికి మాడిపోతున్నాయి. టీ కూడా చేదుగా వస్తోంది. ఏమి చేయాలి? – ఒక గృహిణి, విజయవాడ

జవాబు: కాడలతో మొదలుపెట్టి మంచి పని చేశారు. విత్తనాల ప్యాకెట్లకు డబ్బు పెట్టడం వృథా అని నా అభిప్రాయం, ఎందుకంటే విత్తనం నుంచి వచ్చిన మొక్కకు తల్లి మొక్క వాసనే వస్తుందన్న నమ్మకం లేదు.

మీ ఇబ్బందికి కారణం పడమటి బాల్కనీ. పుదీనాకు ఉదయపు ఎండ నాలుగైదు గంటలు తగిలితే చాలు. వేసవిలో 40 డిగ్రీలు దాటే బెజవాడ మధ్యాహ్నపు ఎండను, దానికి తోడు పొద్దు పోయాక కూడా గోడ వదిలే వేడిని అది తట్టుకోలేదు. మార్చి నెలాఖరుకే కుండీని తూర్పు కిటికీ దగ్గరకు మార్చండి. అందుకు వీలు లేకపోతే 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టండి. కాడలు పక్కలకు పాకి వేళ్ళూనే మొక్క కనుక లోతైన కుండీ కంటే వెడల్పైన తొట్టి మేలు. అడుగున రంధ్రాలు ఉండాలి, మట్టి తడి ఆరకూడదు.

ఆకులను ఒక్కొక్కటిగా గిల్లకండి. కాడ జానెడు దాటిన తరువాత, మొదట్లో రెండు మూడు కణుపులు వదిలి కత్తెరతో కోస్తే, మిగిలిన కణుపుల నుంచి జంటగా చిగుళ్ళు వచ్చి మొక్క గుబురుగా తయారవుతుంది. పూత రాకముందే కోయడం మంచిది.

ఇక చేదు సంగతి. బహుశా మీరు ఆకులను నీటిలో వేసి మరిగిస్తున్నారు. అలా చేస్తే సువాసననిచ్చే తైలం ఆవిరితో పోయి, చేదూ వగరూ మిగులుతాయి. నీళ్ళు మరిగిన తరువాత పొయ్యి ఆపి, కప్పుకు పది పన్నెండు ఆకులను కొద్దిగా నలిపి వేసి, మూత పెట్టి 5 నిమిషాలు ఉంచండి. మూతకు పట్టిన నీటిబొట్లను పారబోయకుండా కప్పులోకే వంచండి, తైలంలో కొంత వాటిలోనే ఉంటుంది. ప్యాకెట్లలో వచ్చే పెప్పర్‌మింట్ టీలో గొంతును చల్లబరిచే మెంథాల్ ఎక్కువ. మన కూరగాయల మార్కెట్లో సాధారణంగా దొరికే పుదీనాలో ప్రధానమైనది కార్వోన్ అనే వేరే సువాసన పదార్థం కనుక, ఇంటి టీలో అంత చల్లదనం రాలేదని నిరాశ పడనవసరం లేదు. గుండెల్లో మంటతో బాధపడేవారు మాత్రం రాత్రి పడుకునే ముందు దీనిని తాగకపోవడం మంచిది. అన్నవాహిక చివరి కండరాన్ని పుదీనా సడలించి, పుల్లత్రేన్పులను పెంచవచ్చు.

ప్రశ్న: మాది నల్లరేగడి పెరడు. పుదీనాను నేరుగా నేలలో నాటవచ్చా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నాటవచ్చు కానీ, వానాకాలంలో ఆ మట్టిలో నీరు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి కనుక, ఇసుకా మాగిన పశువుల ఎరువూ బాగా కలిపి మడిని కాస్త ఎత్తు చేయండి. విడిచిపెడితే పక్క మొక్కలను కమ్మేస్తుంది కూడా. అందువల్ల అడుగు కోసేసిన పాత బకెట్టును, అంచు రెండంగుళాలు పైకి కనబడేలా పాతి, అందులో నాటండి. అంచు దాటి వచ్చే కాడలను ఎప్పటికప్పుడు కత్తిరించండి.