పాత ఇంటి కిటికీలు: యూపీవీసీనా, అల్యూమినియమా?
మీది 1950ల నాటి ఇల్లు, సన్నటి చెక్క ఫ్రేములు, గోడంత అద్దాలు. పాత కిటికీలు తీసేసి యూపీవీసీవి, అంటే గట్టి ప్లాస్టిక్ ఫ్రేములవి, పెట్టిస్తే ఇంటి రూపు చెడుతుందేమో అని అడిగారు. మీ అనుమానం సబబేనండి. యూపీవీసీ ఫ్రేము లావు. పాత ఫ్రేములోనే దాన్ని దూర్చితే నాలుగు వైపులా అద్దం తగ్గిపోయి, నాజూకు మొహానికి దళసరి కళ్లజోడు తగిలించినట్టుంటుంది.

నేనైతే థర్మల్ బ్రేక్ ఉన్న అల్యూమినియం తీసుకుంటాను. అందులో లోపలి లోహానికీ బయటి లోహానికీ మధ్య వేడిని అడ్డుకునే పట్టీ ఉంటుంది. అది లేని మామూలు అల్యూమినియమైతే చలికాలంలో లోపలివైపు చెమ్మ పట్టి, కిటికీ గట్టు మీదికి నీళ్లు కారతాయి. థర్మల్ బ్రేక్ ఉన్నదానికి ఖరీదు ఎక్కువే, కాదనను. డబ్బు చాలకపోతే వీధివైపు ఇవి పెట్టించి, వెనకవైపు యూపీవీసీతో సరిపెట్టుకోండి.

అద్దం మాత్రం రెండు పొరలది, లో-ఈ పూత (వేడిని వెనక్కి తిప్పికొట్టే పలుచటి పూత) ఉన్నదే అడగండి. నేల దాకా దిగే చోట టఫెన్డ్ అద్దం (పగిలినా పదునైన పెంకులు కాని గట్టి అద్దం) తప్పనిసరి.

ఆర్డరిచ్చే ముందు స్క్రూడ్రైవర్ మొనతో పాత ఫ్రేము కింది చెక్కను పొడిచి చూడండి. మెత్తగా దిగిందంటే పుచ్చిపోయినట్టే, ఫ్రేము మొత్తం పీకాల్సిందే. కిటికీ వెడల్పు మూడు చోట్ల కొలిచి, తక్కువ వచ్చిందే రాసుకోండి. పాత గోడలు ఎక్కడా తిన్నగా ఉండవు. అన్నట్టు, అప్పటి పెయింటులో సీసం ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా గీకకండి.