1951 షెవ్రొలే పికప్‌ను ఎస్-10 చాసిస్ మీదికి మార్చవచ్చా? చేసి చూసిన అనుభవం

మీ ప్రశ్న సారాంశం ఇది: మీ దగ్గర 1951 నాటి అర టన్ను షెవ్రొలే పికప్ ఉంది. దాని ఫ్రేమును వదిలేసి, బాడీని 1990ల నాటి షెవ్రొలే ఎస్-10 అనే చిన్న పికప్ చాసిస్ (ఫ్రేము, ఇరుసులు, చక్రాలు ఉన్న కింది భాగం) మీద కూర్చోబెట్టాలనుకుంటున్నారు. రెండింటి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల నడిమి దూరం) దగ్గరగానే ఉంది కాబట్టి బోల్టులు బిగిస్తే సరిపోతుందా అని అడిగారు.

బోల్టులు బిగిస్తే సరిపోదు. అయినా చేయదగిన పనే. నేనూ, వెల్డింగు తెలిసిన మా బావా కలిసి ఇదే బండికి ఇదే పని చేశాం. సెలవు రోజుల్లో మాత్రమే చేయడంతో రెండేళ్లు పట్టింది.

ముందుగా మీ పాత ఫ్రేము నిజంగా పనికిరాదా చూడండి. ఫ్రేము గట్టిగా ఉండి, మీ బాధంతా బ్రేకుల గురించో వేగం గురించో అయితే చాసిస్ మార్చవద్దనే నా సలహా. పాత ముందు ఇరుసుకే డిస్క్ బ్రేకులు బిగించవచ్చు, వెనక ఇరుసు మార్చి గేరు నిష్పత్తి తగ్గించుకోవచ్చు. బండి స్వరూపం చెడదు, పని మూడో వంతుకు తగ్గుతుంది. మాకు ఆ అవకాశం లేకపోయింది. వెనక కమాను కట్టలు (పలకల స్ప్రింగులు) వేలాడే చోట స్క్రూడ్రైవరుతో గుచ్చితే ఫ్రేములోంచి అవతలికి దిగిపోయింది.

చాసిస్ మార్పు వల్ల వచ్చే లాభం మాత్రం చిన్నది కాదు. ఆ కాలం బండికి ముందు చక్రాలు రెండూ ఒకే ఇరుసు మీద ఉంటాయి, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు, కరెంటు 6 వోల్టులు. వెనక ఇరుసు గేరు నిష్పత్తి 4.11 కావడంతో గంటకు 80 కిలోమీటర్లు దాటితే ఇంజను గోల పెడుతుంది. ఎస్-10 తో ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగ్ ఒక్కసారిగా వచ్చేస్తాయి. రెండు బండ్ల బరువూ ఇంచుమించు సమానం కాబట్టి స్ప్రింగుల గురించి పెద్దగా తల పట్టుకోనక్కరలేదు.

ఇక వీల్‌బేస్. మీ పికప్‌ది 116 అంగుళాలు. ఎస్-10 లో మామూలు క్యాబు (డ్రైవరు కూర్చునే గది), పొట్టి తొట్టి (వెనక సామాను పెట్టే భాగం) ఉన్నదానికి 108.3, మామూలు క్యాబు, పొడుగు తొట్టి ఉన్నదానికి 117.9, పెద్ద క్యాబు ఉన్నదానికి 122.9. మధ్యదాన్నే వెతికి పట్టుకోండి. రెండు అంగుళాల తేడానే కదా అని వదిలేయకండి. ఆ తరం బండికి వెనక మడ్‌గార్డు గుండ్రంగా, నిండుగా ఉంటుంది. చక్రం దాని నడిమిలో లేకపోతే వీధి అవతలి నుంచి కూడా కంటికి ఇబ్బందిగా కనిపిస్తుంది. ఈ పనిలో పాటించాల్సిన క్రమం ఒక్కటే: బాడీ చెప్పిన చోటికి చక్రం రావాలి. చక్రం ఉన్నచోటికి బాడీని ఈడ్చడం మొదలుపెడితే తొట్టికీ క్యాబుకూ మధ్య సందు పెరుగుతుంది, బానెట్ ముందుకు జరుగుతుంది, చివరికి ఏదీ దేనితోనూ కలవదు.

ఇక్కడే మేం మొదటి పొరపాటు చేశాం. ఉత్సాహం కొద్దీ బాడీని పాత ఫ్రేము మీద నుంచి దించేశాం. వారం తర్వాత బావ టేపు పట్టుకుని, "క్యాబు నేల ఇరుసుకు ఎంత ఎత్తులో ఉండేది?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. క్యాబును మళ్లీ పాత ఫ్రేము మీదికి ఎక్కించి, నాలుగు బోల్టులూ పెట్టి కొలుచుకోవాల్సి వచ్చింది. రెండు వారాంతాలు అలా పోయాయి.

మీరు మాత్రం బండి విప్పకముందే ఇలా చేయండి. చదునైన కాంక్రీటు నేల మీద నిలిపి, టైర్లలో గాలి సమానంగా ఉంచండి. మేస్త్రీలు వాడే తూకపు గుండును మడ్‌గార్డు వంపు నడిమి నుంచి నేలకు వేలాడదీసి, అది తాకిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. నాలుగు మడ్‌గార్డులకూ అలాగే చేయండి. క్యాబు బోల్టుల కిందా, రేడియేటరు సపోర్టు కిందా, తొట్టి చివర్లలోనూ గుర్తులు పెట్టండి. తర్వాత ఆ గుర్తుల మధ్య దూరాలు, మూల నుంచి మూలకు కర్ణాలతో సహా, ఒక అట్ట మీద రాసి గోడకు అంటించండి. మా షెడ్డు గోడ మీద ఆ అట్ట ఇంకా ఉంది. సగం అంకెల మీద గ్రీజు మరకలున్నా అన్నీ చదవడానికి వస్తాయి.

వెనక ఇరుసును దాదాపు రెండు అంగుళాలు ముందుకు జరిపాం. ఫ్రేమును కోయలేదు. కమాను కట్టల ముందు బ్రాకెట్టు, వెనక షాకిల్ (కట్ట చివర ఊగే లంకె) బ్రాకెట్టు రెండింటినీ ఒకే కొలతతో ముందుకు తెచ్చి బిగించాం. గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకు తిరిగే డ్రైవ్ షాఫ్టును కూడా అంతే మేరకు పొట్టి చేయించి, బ్యాలెన్స్ చేయించాం. మీకు దొరికింది 122.9 అంగుళాలదైతే దాదాపు ఏడు అంగుళాలు కోసి అతకాలి. దాన్ని నేర్చుకునే పనిగా పెట్టుకోకండి, ఫ్రేముల మీద అనుభవం ఉన్న వెల్డరుకే ఇవ్వండి. అతుకు నిట్టనిలువుగా ఒకే గీతలో రాకుండా మెట్టులా కోయాలి, అతుకు మీద బలానికి పలక వేయాలి. ఒకటి మరిచిపోవద్దు: బ్యాటరీ తీగలు, ఇంజను కంప్యూటర్ కనెక్షన్లు విప్పకుండా వెల్డింగు మొదలుపెట్టకండి.

వెడల్పు సంగతి చాలామంది ఆలస్యంగా గమనిస్తారు. రెండు చక్రాల డ్రైవ్ ఎస్-10 సన్నటి బండి. దాని చక్రాలు మీ మడ్‌గార్డుల లోపలికి ముడుచుకుపోయినట్టు కనిపిస్తాయి. నాలుగు చక్రాల డ్రైవ్ ఎస్-10 వెనక ఇరుసు వెడల్పుగా ఉంటుంది, చాలామంది దాన్నే తెచ్చి వేస్తారు. పాత చక్రాలకు ఆరు బోల్టులు, ఎస్-10 కు ఐదు కాబట్టి చక్రాలు ఎలాగూ మార్చక తప్పదు. ఆ కొనేవేవో ఆఫ్‌సెట్ (చక్రం ఇరుసు నుంచి ఎంత లోపలికో బయటికో ఉంటుందన్న కొలత) చూసుకుని, బయటికి వచ్చేలా ఎంచుకుంటే మధ్యలో పెట్టే స్పేసర్ పలకల అవసరం రాదు.

ఇక తలుపుల విషయం. క్యాబును ఎత్తే ముందు తలుపుల ఖాళీల్లో చదరపు గొట్టాలతో అడ్డంగా, ఏటవాలుగా బిగింపులు వేయండి. ఇంత పాత క్యాబు ఎత్తగానే వంగుతుంది, ఆ వంపు కంటికి ఆనదు. మేం బిగింపులు వేశాం కానీ మరో తప్పు చేశాం. క్యాబు మౌంట్లను ఫ్రేము పైఅంచు నుంచి కొలిచి ఒకే సాయంత్రం పూర్తిగా వెల్డు చేసేశాం. మర్నాడు తలుపులు తగిలిస్తే డ్రైవరు వైపు సందు ముందు భాగంలో వేలు పట్టేంత, వెనక పైమూలలో నాణెం కూడా దూరనంత ఉంది. తలుపును కాస్త కిందికి నొక్కి పట్టుకుంటేనే గడియ పడింది. రసమట్టం పెట్టి చూస్తే వెనక ఎడమ మౌంటు ఐదు మిల్లీమీటర్లు దిగి ఉంది. దాని కింద రేకు ముక్కలు ఒక్కొక్కటీ చేర్చుతూ, ప్రతిసారీ బోల్టు బిగించి తలుపు వేసి చూస్తూ పోతే, మూడో ముక్కకు సందు పైనుంచి కిందికి ఒకే తీరుగా వచ్చింది, తలుపు రెండు వేళ్లతో తోస్తే పడింది. అందుకే మౌంట్లకు ముందు టాకాలు (చిన్న చుక్క వెల్డులు) మాత్రమే వేసి, తలుపులు, బానెట్, ముందు మడ్‌గార్డులు అన్నీ తగిలించి చూశాకే వెల్డింగు పూర్తి చేయమంటాను.

బ్రేకుల్లో నేను రాజీ పడను. పాత బండిలో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ద్రవాన్ని గొట్టాల్లోకి నెట్టేది) క్యాబు నేల కింద ఉంటుంది. బానెట్ కింద శుభ్రంగా ఉండాలని మేం కొత్తదాన్నీ అక్కడే పెట్టాం. అలా పెడితే సిలిండర్ కాలిపర్ల (డిస్కును పట్టి ఆపే భాగాల) కంటే కిందికి వస్తుంది, ద్రవం వెనక్కి జారుతుంది, పెడల్ మొదటిసారి తొక్కితే లోతుగా దిగిపోతుంది. ముందు డిస్కుల గొట్టంలో 2 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), వెనక డ్రమ్ముల గొట్టంలో 10 పీఎస్ఐ ఒత్తిడిని నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వులు వేశాకే పెడల్ నిలబడింది. స్టీరింగ్ కాలమ్‌కూ ఎస్-10 స్టీరింగ్ బాక్సుకూ మధ్య రెండు యూనివర్సల్ జాయింట్లు పెట్టండి. మూడోది అవసరమైతే మధ్య షాఫ్టుకు ఆధారంగా బేరింగు తప్పనిసరి.

మిగతావి చిన్నవే. ఎస్-10 ఫ్రేము వెనక ఇరుసు మీదుగా పైకి లేస్తుంది కాబట్టి తొట్టి చెక్కలను కాస్త ఎత్తాలి. సీటు వెనక ఉండే పాత పెట్రోలు ట్యాంకును తీసేసి ఎస్-10 ట్యాంకునే ఉంచుకోండి, మనిషి వీపు వెనక పెట్రోలు ఉండటం నాకు ఎప్పుడూ నచ్చలేదు. అప్పుడు పాత ఫ్యూయల్ గేజి తప్పు చూపిస్తుంది. అది 0 నుంచి 30 ఓముల సెండరుకు (ట్యాంకులో పెట్రోలు మట్టాన్ని గేజికి చెప్పే పరికరానికి) తయారైనది, ఎస్-10 ది 0 నుంచి 90. మధ్యలో సరిచేసే పరికరం పెట్టాలి, లేదా ట్యాంకులో సెండరు మార్చాలి. కరెంటు 12 వోల్టులకు మారుతుంది కాబట్టి బల్బులు, హీటరు మోటారు కూడా మార్చుకోవాలి.

కాగితాల సంగతి మొదటి బోల్టు విప్పకముందే తేల్చుకోండి. మీ పికప్ నంబరు పలక డ్రైవరు వైపు తలుపు స్తంభం మీద ఉంటుంది, ఎస్-10 నంబరు దాని డాష్‌బోర్డు మీద ఉంటుంది. రెండింటినీ కలిపిన బండి ఏ పేరున నమోదవుతుందో, తనిఖీలో ఏం అడుగుతారో మీ రిజిస్ట్రేషన్ కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోండి. రెండు బండ్ల పత్రాలూ పారేయకండి. పాత ఫ్రేమును కూడా నమోదు పూర్తయ్యేదాకా తుక్కుకు వేయవద్దు.

ఈ వారాంతంలో తూకపు గుండుతో మడ్‌గార్డు వంపుల నడిమి దూరం రెండు వైపులా కొలిచి, మీకు దొరికిన ఎస్-10 ఏ రకమో దానితో పాటు ఇక్కడ రాయండి. ఎడమా కుడీ పావు అంగుళం కంటే ఎక్కువ తేడా వస్తే మీ బాడీ ఎప్పుడో దెబ్బతిన్నదన్నమాట, ముందు దాన్ని సరిచేయడం ఎలాగో చెబుతాను.