పన్ను తీసిన గుంటలో ఎముక పొడి వేయించాలా?

మీ నాన్నగారికి కింది దవడ పన్ను వచ్చే వారం తీస్తామన్నారనీ, ఆ గుంటలో ఎముక పొడి నింపితే మంచిదంటున్నారనీ, నిజంగా అవసరమా అనీ అడిగారు. నాకు వేయించుకోకపోవడమూ తెలుసు, వేయించుకోవడమూ తెలుసండీ.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. 2016లో ఎడమ దవడ పన్ను తీయించుకున్నాను. ఈ పొడి సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడేళ్లకి ఇంప్లాంట్ (దవడ ఎముకలో మర బిగించి దాని మీద పెట్టే పన్ను) కోసం వెళ్తే స్కాన్ చూసి ఎముక బాగా సన్నబడిపోయిందన్నారు. పన్ను పోయాక దాన్ని పట్టుకుని ఉన్న ఎముక కరగడం మొదలవుతుందట. బుగ్గ వైపు గోడ అసలే పల్చన, ముందు అదే పోతుంది. తరుగుదల చాలావరకు మొదటి ఆరు నెలల్లోనే అయిపోతుంది. పోయిన ఎముకని మళ్లీ పెంచాలంటే ఇంకో ఆపరేషన్. అంత స్తోమత లేక పక్క పళ్ల ఆధారంతో నిలిచే బ్రిడ్జి కట్టించుకున్నాను. దానికోసం పక్కనున్న రెండు మంచి పళ్లు అరగదీయించుకోవాల్సి వచ్చింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

2022లో కుడి వైపు పన్ను విరిగితే తీయకముందే అడిగాను. గుంట శుభ్రం చేసి, బొంబాయి రవ్వలాంటి పలుకులు రక్తంతో తడిపి నింపి, పైన కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో చేసిన పొర పరిచి కుట్లేశారు. మర్నాడు నాలుకకి రెండు పలుకులు తగిలితే టెన్షన్ పడ్డాను. ఒకటీ అరా రాలడం మామూలేనన్నారు. ఐదు నెలలకి ఇంప్లాంట్ పెట్టారు.

ఈ పొడి పశువుల ఎముకతో చేసిందీ ఉంటుంది, దాతలిచ్చిన మనిషి ఎముకా ఉంటుంది, కృత్రిమంగా చేసిన కాల్షియం ఫాస్ఫేటూ ఉంటుంది. ఇంట్లో పట్టింపులుంటే ముందే అడగండి, మేము మూడోదే వేయించుకున్నాం. ఏది వేసినా తరుగుదల తగ్గుతుందే గానీ పూర్తిగా ఆగదు.

నాన్నగారికి తర్వాత ఇంప్లాంట్ పెట్టించే ఆలోచన ఉంటే వేయించండి. కట్టుడు పన్నుతో సరిపెట్టుకుందామనుకుంటే మాత్రం ఆ ఖర్చు అవసరమా అని డాక్టరుగారినే సూటిగా అడగండి. ఏదైనా పన్ను తీసే రోజుకి ముందే తేల్చుకోవాలి, గుంట మానిపోయాక ఈ పని ఇంత తేలిగ్గా అవ్వదు. షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకోవాలి. చుట్ట కాల్చే అలవాటుంటే దయచేసి మాన్పించండి, పొగ తగిలితే పుండు సరిగా మానదు. కొబ్బరి బొండం తాగించినా స్ట్రా వద్దు, ఆ పీల్పుకి గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడి రావచ్చు. గ్లాసులో పోసివ్వండి.